బ్రిటన్ సంస్కృతిని ఐరోపా నుంచి విడదీసి చూడలేం

సంపాదకుల వారికి, నమస్కారం.

బ్రిటన్ ఎన్నడూ ఐరోపాలో భాగం కాదనీ, ఐరోపా సమాఖ్య (ఈయూ) నుంచి బయటికి రావడంతో తన అసలు సంస్కృతిని తిరిగి దక్కించుకుందనీ ఇటీవల మీ సంపాదకీయ పుటలో వచ్చిన వ్యాసం తేల్చి చెప్పింది. కళాశాలలో ఐరోపా చరిత్ర పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఆ మాటను చదివి ఊరుకోలేకపోయాను. సమాఖ్యలో ఉండాలా వద్దా అన్నది ఆ దేశ ప్రజలు తేల్చుకోవాల్సిన విషయం. 2016 జూన్ 23న ఓటేసినవారిలో 51.9 శాతం మంది వద్దన్నారు. 2020 జనవరి 31న బయటికి వచ్చేశారు. అందులో మనం జోక్యం చేసుకునేది ఏమీ లేదు. కానీ ఆ ఓటును చూపించి వెయ్యేళ్ల చరిత్రను తుడిచేస్తానంటే ఒప్పుకోలేం.

ఫ్రాన్స్‌లో నార్మండీ ప్రాంతపు బాయో పట్టణానికి చెందిన దాదాపు 70 మీటర్ల పొడవైన నారబట్ట ఒకటి ఉంది. 1066లో నార్మండీ డ్యూక్ విలియం సముద్రం దాటి వచ్చి, ఇంగ్లండ్ రాజు హెరాల్డ్‌ను హేస్టింగ్స్ దగ్గర ఓడించిన కథంతా దాని మీద రంగురంగుల ఉన్ని దారాలతో కుట్టి ఉంటుంది. పడవల్లో బారులు తీరిన గుర్రాలు, ఒడ్డుకు దిగాక డాళ్లనే బల్లలుగా పరుచుకుని భోజనం చేస్తున్న సైనికులు, ఆకాశంలో తోకచుక్కను వేలెత్తి చూపిస్తున్న జనం అందులో కనిపిస్తారు. అది ఆ ఏడాది నిజంగా కనిపించిన హాలీ తోకచుక్కే. కథ గెలిచినవాడిది. మరి కుట్టినవారు ఎవరు? బట్ట మీది లాటిన్ రాతల్లో పేర్లు రాసిన తీరు, కాంటర్బరీ మఠాల రాతప్రతుల్లోని బొమ్మలతో ఉన్న పోలికలు చూసి, ఇంగ్లండ్ పనివారే, బహుశా కాంటర్బరీలోనే దాన్ని కుట్టి ఉంటారని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. ఓడినవారి చేతిపనిని గెలిచినవారి ఊరు ఇన్ని శతాబ్దాలు దాచుకుంది. 1885–86లో స్టాఫర్డ్‌షైర్‌లోని లీక్ పట్టణపు మహిళలు కూర్చుని మొత్తం బట్టకు నకలు కుట్టారు. తమ దేశానికి కూడా ఒకటి ఉండాలన్నది వారి పట్టుదల. తమను ఓడించిన యుద్ధం కథను అంత ప్రేమగా మళ్లీ కుట్టుకున్నారంటే, దాన్ని వారు పరాయి వస్తువుగా చూడలేదన్నమాట.

ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ 2025 జూలైలో బ్రిటన్ పర్యటనకు వచ్చినప్పుడు, ఈ బట్టను 2026 సెప్టెంబరు నుంచి 2027 జూలై వరకు బ్రిటిష్ మ్యూజియంలో ప్రదర్శనకు ఉంచేందుకు అంగీకారం కుదిరింది. బదులుగా ఇంగ్లండ్‌లోని సట్టన్ హూ తవ్వకాల్లో దొరికిన వస్తువులు, లూయిస్ దీవిలో బయటపడ్డ చదరంగం పావులు నార్మండీ మ్యూజియంలకు వెళ్తాయి. ఆ పావులు స్కాట్లండ్ దీవిలో దొరికినా, చెక్కింది నార్వేలోనే అయి ఉంటుందని నిపుణులు అంటారు. ఏది ఎవరిదో గీత గీసి చెప్పమంటే వ్యాసకర్త ఏం చెబుతారో తెలుసుకోవాలని ఉంది.

ఇలాంటివి ఇంకెన్నో చెప్పవచ్చు. బ్రిటన్ పార్లమెంటు చేసిన చట్టానికి రాజు ఆమోదం తెలిపే సంప్రదాయ వాక్యం ఇప్పటికీ నార్మన్ ఫ్రెంచిలోనే ఉంది. 1174లో కాలిపోయిన కాంటర్బరీ ప్రధాన ఆలయ భాగాన్ని తిరిగి కట్టడం మొదలుపెట్టినవాడు ఫ్రాన్స్‌లోని సాన్స్ నుంచి వచ్చిన గియోమ్. రాయి నార్మండీలోని కాన్ నుంచి వచ్చింది. 1727 నుంచి ప్రతి పట్టాభిషేకంలోనూ, 2023లో మూడో చార్లెస్ పట్టాభిషేకంలోనూ వినిపించిన గీతానికి బాణీ కట్టిన హాండెల్ జర్మనీలోని హాలె పట్టణంలో పుట్టినవాడు. రాజకుటుంబం పేరు కూడా 1917 దాకా జర్మన్ పేరే.

లండన్‌లో చదువుకునే మన పిల్లలకు బ్రిక్ లేన్ తెలిసే ఉంటుంది. ఆ వీధిలోని మసీదు భవనాన్ని 1743లో కట్టింది ఫ్రాన్స్ నుంచి మత హింసకు తాళలేక పారిపోయి వచ్చిన హ్యూగనాట్లు (ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు), తమ ప్రార్థనల కోసం. వారు పట్టు నేతగాళ్లు. తర్వాత అది మెథడిస్టుల ప్రార్థనా మందిరమైంది. 1898లో తూర్పు ఐరోపా నుంచి వచ్చిన యూదుల ఆలయమైంది. 1976లో బంగ్లాదేశీయులు మసీదు చేసుకున్నారు. గోడ మీద హ్యూగనాట్లు పెట్టిన నీడ గడియారం, దాని మీది లాటిన్ అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి. నన్నడిగితే బ్రిటిష్ సంస్కృతి అంటే ఆ గోడే.

వ్యాసకర్త వాదనలో పస ఉన్న చోటు లేకపోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ శత్రువు చేతిలో నలిగాయి. జర్మనీ, ఇటలీ నియంతల కింద చితికిపోయాయి. వారికి సమాఖ్య అంటే మళ్లీ అలాంటి రోజులు రాకుండా కట్టుకున్న రక్ష. బ్రిటన్ ప్రధాన భూభాగం మీద శత్రువు కాలు పెట్టలేదు కాబట్టి అక్కడివారిలో చాలామందికి అది వ్యాపార ఒప్పందంగానే కనిపించింది. ఈ తేడా నిజమైనది, లోతైనది. అయితే బ్రిటన్ ద్వీప దేశం, దాని చూపు సముద్రం వైపే అనే వాదనను గట్టిగా వినిపించి 1963లో దానికి తలుపు మూసినవాడు ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్. 1967లోనూ ఆయనే అడ్డుపడ్డాడు. బ్రిటన్ మాత్రం మళ్లీ మళ్లీ అడిగి 1973లో చేరింది. 1975 ప్రజాభిప్రాయ సేకరణలో 67 శాతం మంది ఉందామన్నారు. ‘ఎన్నడూ’ అనే మాటకు ఇక్కడ చోటెక్కడ? పైగా బ్రిటన్ అంటే ఒక్క ఇంగ్లండే కాదు. 2016లో స్కాట్లండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లండ్‌లో 55.8 శాతం సమాఖ్యలోనే ఉందామన్నారు. వారి సంస్కృతి బ్రిటన్ సంస్కృతి కాదా?

మన కోస్తాకూ ఈ చరిత్రతో ముడి ఉంది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఇంగ్లిషు దళపతి ఫోర్డ్ ఫ్రెంచి సేనను ఓడించాడు. విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లిషువారి పక్షాన నిలిచాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఫ్రెంచివారి చేజారింది. అదంతా ఐరోపాలో అప్పుడు సాగుతున్న ఏడేళ్ల యుద్ధంలో ఒక భాగం. బ్రిటన్ ఐరోపా గొడవలతో సంబంధం లేని దేశమైతే ఆ ఫిరంగులు గోదావరి జిల్లా పొలాల్లో పేలేవే కావు. మా కాకినాడ పక్కనే ఉన్న యానాం మాత్రం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉండిపోయింది.

నాకు అసలు బాధ కలిగించేది వర్తమానం. ఇంగ్లండ్ బడుల్లో 14 ఏళ్లు దాటిన పిల్లలకు విదేశీ భాష తప్పనిసరి కాదని 2004లోనే సడలించారు. ఫ్రెంచి, జర్మన్ చదివేవారు తగ్గిపోతూ వచ్చారు. దాని మీద బ్రెగ్జిట్ వచ్చి పడింది. 1976 నుంచి లండన్ కేంద్రంగా నడిచిన ఐరోపా యువ వాద్యబృందం 2018లో ఇటలీకి తరలిపోయింది. 2023 ఐరోపా సాంస్కృతిక రాజధాని హోదా కోసం సన్నాహాలు చేసుకున్న లీడ్స్, డండీ తదితర నగరాలకు 2017 నవంబరులో ఇక మీకు అర్హత లేదని కబురొచ్చింది. అదే హోదా 1990లో గ్లాస్గోకు, 2008లో లివర్‌పూల్‌కు దక్కి ఆ ఊళ్లకు ఎంత ఊపునిచ్చిందో గుర్తున్నవారికి ఆ దెబ్బ ఎలాంటిదో తెలుస్తుంది. సంగీత బృందాలు ఖండంలో కచేరీలకు వెళ్లాలంటే దేశానికో రకం అనుమతి, వాయిద్యాలకు సుంకం పత్రాలు, సామాను లారీలు ఎన్ని చోట్ల ఆగవచ్చో దానికీ పరిమితి. పేరున్న బృందాలు తట్టుకుంటాయి. అప్పుడే మొదలుపెట్టిన కుర్రవాళ్లు ప్రయాణమే మానుకుంటారు.

2020 చివర విద్యార్థుల మార్పిడి పథకం ఎరాస్మస్ నుంచి తప్పుకోవడం వీటన్నిటిలోకీ పెద్ద నష్టం. తండ్రి దగ్గర డబ్బు లేని పిల్లవాడు కూడా ఒక ఏడాది ఇటలీలోని బొలోన్యాలోనో జర్మనీలోని లైప్‌జిగ్‌లోనో చదివి వచ్చేందుకు ఉన్న దారి అది. 2027 నుంచి మళ్లీ చేరతామని 2025 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. పరిశోధనల పథకం హొరైజన్‌లో 2024 జనవరిలోనే తిరిగి చేరారు. సమాఖ్య బయట ఉంటూనే ఈ బంధాలను ఒక్కొక్కటిగా కలుపుకుంటున్నారంటే, తెంచుకున్నది తమలోని భాగమేనని వారికే తెలిసినట్టు.

ఐరోపా విద్యార్థులు తగ్గితే మన పిల్లలకు సీట్లు పెరిగాయి కదా అని సంతోషించే మాటలు మన దగ్గర తరచూ వినిపిస్తుంటాయి. నాకవి రుచించవు. లక్షలు అప్పు చేసి మన పిల్లలు అక్కడికి వెళ్లేది తరగతిలో నాలుగు దేశాల వారి పక్కన కూర్చుని నేర్చుకుంటామనే. సగం బెంచీలు మన ఊళ్లవారితోనే నిండితే వారు పొందేది తక్కువే.

18–30 ఏళ్ల యువత అటూ ఇటూ వెళ్లి పనిచేసేందుకు, చదువుకునేందుకు వీలిచ్చే పథకం గురించి లండన్, సమాఖ్య కేంద్రమైన బ్రసెల్స్ మాట్లాడుకుంటున్నాయి. మన పత్రికల్లో బ్రిటన్ అనగానే వీసా వార్తలే వస్తున్నాయి. ఈ చర్చల గురించి కూడా వివరంగా రాయించండి. అక్కడి విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న, పాఠం చెబుతున్న తెలుగువారు చాలామంది ఉన్నారు, వారి చేత రాయించండి. బ్రిటన్ ఎన్నడూ ఐరోపాలో భాగం కాదన్న ఆ వాక్యానికి మీ పత్రికలో సవరణ వేయాలని కూడా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
కాకినాడ