వెన్నెముక పాఠం బిలస్వర్గంలో చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

కర్నూలులో నేను హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. సకశేరుకాలు, అంటే వెన్నెముక ఉన్న జంతువులు, ఎన్ని రకాలంటే చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. పాముకు వెన్నెముక ఉందా అంటే మాత్రం చాలామంది లేదంటారు. వానపాములా మెలికలు తిరుగుతుంది కదా అని వాళ్ల లెక్క. నిజానికి పాము వెన్నులో వందల పూసలుంటాయి, అందుకే అంతగా వంగుతుంది. వానపాముకు ఒక్క ఎముకా ఉండదు. మనిషి మెడలో ఏడు పూసలే, అంత పొడుగు జిరాఫీ మెడలోనూ ఏడే! ఇది చెబితే ఎవరి మెడ వాళ్లు తడిమి చూసుకుంటారు.

ఇలాంటి పాఠం ఎముక చూపించి చెప్పాలి. మనకు బేతంచెర్ల దగ్గర బిలస్వర్గం గుహలున్నాయి. 1880లలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ తవ్వించి ఎన్నో జంతువుల ఎముకలు బయటికి తీశారు. వాటిలో ఖడ్గమృగానివీ ఉన్నాయి. ఇప్పుడిక్కడ కనిపించని ఆ జంతువుకు శాస్త్రవేత్తలు మన ఊరి పేరుతోనే 'రైనోసెరాస్ కర్నూలియెన్సిస్' అని పేరు పెట్టారు. ఈ సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

విద్యాశాఖ ఏటా ఒక్కసారైనా బడి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాలి. అక్కడ దొరికిన ఎముకల నమూనాలు, తెలుగులో వివరాల బోర్డులు గుహల దగ్గర పెట్టించాలని పర్యాటక శాఖను కోరుతున్నాను.

– ఒక జీవశాస్త్రం టీచర్, కర్నూలు