ఫ్లోరైడ్ జిల్లాకు డెంటల్ హైజినిస్టులు కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

వైద్య సిబ్బంది నియామకాల గురించి మీ జిల్లా పేజీలో తరచూ వార్తలు వస్తుంటాయి. డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్ల ఖాళీల లెక్కలు చదువుతుంటాం. డెంటల్ హైజినిస్ట్ అన్న పేరు మాత్రం ఆ వార్తల్లో నా కంట పడలేదు. నల్లగొండ లాంటి జిల్లాలో ఆ పోస్టు ఊసే లేకపోవడం నాకు వింతగా ఉంది.

పళ్లకు పట్టిన గార తీయడం, పాలిష్ చేయడం, నోరు ఎలా శుభ్రంగా ఉంచుకోవాలో నేర్పడం హైజినిస్ట్ పని. ఇదేమీ నిన్న మొన్న వచ్చిన ఫ్యాషన్ కాదు. 1948 నాటి డెంటిస్ట్స్ చట్టంలోనే ఈ వృత్తికి నిర్వచనం ఇచ్చారు, వీళ్ల పేర్లకు వేరే రిజిస్టరు పెట్టారు. రిజిస్టరు కానివాళ్లు పళ్లు క్లీన్ చేసే పని పెట్టుకోకూడదని కూడా అందులో రాశారు. ఇంటర్ సైన్స్ తర్వాత రెండేళ్ల డిప్లొమా చేస్తే ఈ పనికి అర్హత వస్తుంది.

మరి మన దగ్గర ఏం జరుగుతోంది? నేను చూపించుకునే క్లినిక్ సంగతే చెబుతాను, పేరెందుకు లెండి. డాక్టరు గారు హస్తవాసి ఉన్నవారు. రూట్ కెనాల్, పళ్లు పీకడం, కట్టుడు పళ్ల కొలతలు, క్లీనింగ్ అన్నీ ఆయనే. పక్కన ఒక అమ్మాయి ఉంటుంది. ఫోన్ ఎత్తడం, చీటీ రాయడం, నోట్లో సక్షన్ పైపు పట్టుకోవడం, పనిముట్లు కడిగి, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టడం ఆమె పని. బయట జనం ఎక్కువైన రోజు గార తీసే స్కేలింగ్ మెషీన్ కూడా ఆమె చేతికే వస్తుంది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే "సార్ చూపించిండు" అంది. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. చదివించి సర్టిఫికెట్ ఇప్పించాల్సిన చోట ఊరికే పని చేయించుకుంటున్నాం.

చదువుకున్న మనిషి చేస్తే ఈ పనే ఎలా ఉంటుందో మా అత్తమ్మతో హైదరాబాద్ వెళ్లినప్పుడు చూశాను. అత్తమ్మకు షుగర్. అక్కడి హైజినిస్ట్ వెంటనే మెషీన్ ముట్టుకోలేదు. గీతలున్న సన్నటి కొలత పుల్లను ఒక్కో పంటి చుట్టూ చిగురులోకి దించుతూ "మూడు, మూడు, ఐదు, ఆరు" అని చెబుతుంటే పక్కనామె రాసుకుంది. మూడు మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదట, అంతకు మించితే చిగురు పంటిని వదులుతున్నట్టు. తర్వాత పళ్లకు గులాబీ రంగు మందు రాసి అద్దం చేతికిచ్చింది. పాచి ఉన్న చోటల్లా రంగు అంటుకుంది, కింది పళ్ల లోపలి వైపంతా గులాబీయే. "రోజూ ఎట్ల తోముతరో ఒకసారి చూపించండమ్మా" అని బ్రష్ ఇచ్చి, చెయ్యి ఎలా తిప్పాలో పట్టుకుని చూపించింది. "క్లీనింగ్ చేయిస్తే పళ్లు ఊగుతయట గదా" అని అత్తమ్మ అడగనే అడిగింది. చిగురు కింద పేరుకున్న గార వల్ల ఎముక కరిగి పళ్లు ముందే వదులైపోయి ఉంటాయని, గార తీశాక ఆ సంగతి బయటపడుతుందని ఓపికగా చెప్పింది. షుగర్ ఎక్కువగా ఉంటే చిగుళ్లు చెడతాయని, చిగుళ్లలో ఇన్ఫెక్షన్ ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమని మా ఇంట్లోవాళ్లకు అప్పుడే తెలిసింది. ఒక్కడే అన్నీ చూసుకునే డాక్టరుకు ఇంత తీరిక ఎక్కడిది?

ఇక మన జిల్లా గొడవ. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. మర్రిగూడ, చండూరు, నాంపల్లి దిక్కు బోర్లలో అది ఎంత దాటిందో దేశమంతా తెలుసు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయి, సంతోషమే. కానీ పంటి పైపొర, అంటే ఎనామెల్, చిన్నప్పుడే తయారవుతుంది. ఇప్పుడు నా దగ్గర పదో తరగతి చదివే పిల్లల ముందు పళ్లు బోరు నీళ్ల కాలంలో తయారైనవి. ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల పడిన ఆ గోధుమరంగు మరకలు పొర లోపలే ఉంటాయి కాబట్టి క్లీనింగ్‌తో పోవు. అది చెప్పేవాళ్లు లేక పిల్లలు బొగ్గుతో, ఉప్పుతో, నిమ్మచెక్కతో రుద్ది ఉన్న ఎనామెల్ అరగదీసుకుంటున్నారు. ఇంకో చిక్కు కూడా ఉంది. పుచ్చు రాకుండా పళ్లకు ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం చాలా దేశాల్లో హైజినిస్టుల మామూలు పని. మా ఊళ్లలో ఆ పేరెత్తితే తల్లిదండ్రులు కర్రలు పట్టుకుని వస్తారు! తాగే నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ సంగతి వేరు, పంటి మీద పూసేది వేరు అని, మూడేళ్లు దాటిన చిన్నపిల్లల బ్రష్ మీద బఠానీ గింజంత పేస్టు చాలని, అది మింగనివ్వకూడదని కూర్చోబెట్టి చెప్పే మనిషి కావాలి.

1906లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే డెంటిస్ట్ తన అసిస్టెంట్ ఐరీన్ న్యూమన్‌కు ఈ పని నేర్పారు. 1913లో ఆయన బడి పెట్టి తయారుచేసిన హైజినిస్టులు మొదట వెళ్లింది ఆయన ఊరు బ్రిడ్జ్‌పోర్ట్ స్కూళ్లకే. బ్రిటన్‌లో 2013 నుంచి డెంటిస్ట్ చీటీ లేకుండానే నేరుగా హైజినిస్ట్ దగ్గరికి వెళ్లవచ్చు. మనకు అంత దూరం అక్కర్లేదు, డాక్టరు పర్యవేక్షణలోనే పనిచేయనివ్వండి.

బీడీఎస్ చదివినవాళ్లకే ఉద్యోగాలు లేవు, మళ్లీ వీళ్లెందుకని డాక్టర్లు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అయిదేళ్లు చదివిన డాక్టరు రోజంతా గార తీస్తూ, బడుల్లో బ్రష్ పట్టడం నేర్పుతూ ఎంతకాలం ఉంటారు? క్లినిక్ పెట్టుకునే వీలు దొరగ్గానే వెళ్లిపోతారు. తంబాకు, గుట్కా నమిలేవాళ్ల నోట్లో తెల్లమచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ముందే పసిగట్టి డాక్టరు దగ్గరికి పంపడానికి, పాలమూరు నుంచి వలసపోయి వచ్చే కూలీలను పండుగలప్పుడు ఊళ్లోనే పట్టుకుని చూడటానికి నిలకడగా ఉండే మనిషి కావాలి.

జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా, ఆ కింది ఆసుపత్రుల్లో డెంటిస్ట్‌తో పాటు హైజినిస్ట్‌ను, అసిస్టెంట్‌ను పెట్టుకోవడానికి కేంద్రం సాయం చేస్తుంది. దేవరకొండ, మిర్యాలగూడ ఆసుపత్రులకు ఆ పోస్టులు అడగాలి. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో డెంటల్ కాలేజీలు ఉన్నాయి. హైజినిస్ట్ డిప్లొమా వివరాలు ఇంటర్ ఫలితాల రోజుల్లో మీ పత్రికలో వేస్తే, నీట్ ర్యాంకు రాలేదని ఇంట్లో కూర్చునే బైపీసీ పిల్లలకు పనికొస్తాయి. ఈలోగా ఫ్లోరైడ్ మండలాల బడుల్లో ఈ విద్యాసంవత్సరం ముగిసేలోపు ఒక్కసారైనా పిల్లల నోళ్లు చూసే ఏర్పాటు చేయాలని కలెక్టర్ గారిని, డీఎంహెచ్‌ఓ గారిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
నల్లగొండ జిల్లా