మన పికప్ ఇంజన్ సంగతి, నేను మాట తప్పిన సంగతి

నమస్తే. ఎండాకాలం పెళ్లిళ్ల సీజన్లో మా టెంట్ హౌస్‌ను నమ్ముకుని ఇబ్బంది పడ్డవాళ్లకు ఫోన్లో సారీ చెప్పాను గానీ, అసలేం జరిగిందో చెప్పలేదు. "బండి రిపేరండీ" అని ఒక్క మాటతో తప్పించుకున్నా. ఇప్పుడు ఆషాఢం, ముహూర్తాలు లేవు, కాస్త తీరిక దొరికింది. ఉన్నదున్నట్టు రాస్తున్నా.

ఆ రోజు బోడుప్పల్‌లో హాఫ్ శారీ ఫంక్షన్. బండిలో 250 కుర్చీలు, రెండు షామియానాలు, ఇనుప పైపులు, వంట గిన్నెలు, పైన కూలర్లు. రెండు ట్రిప్పుల సామాను ఒకే ట్రిప్పులో కుక్కించా. ఉప్పల్ దాటాక నారపల్లి రోడ్డు ట్రాఫిక్‌లో ఫస్ట్ గేరు, సెకండ్ గేరు తప్ప పడలేదు. డ్రైవర్ తమ్ముడు ఫోన్ చేశాడు: "అన్నా, వేడి ముల్లు ఎర్రగీత దాటింది, ఏం జెయ్యాలె?" "ఇంకెంత, రెండు కిలోమీటర్లే గదా, నీళ్లు పోసుకుని వచ్చెయ్" అన్నా. ఇంజన్‌ను చంపింది ఆ మాటే. పాపం వాడు నేను చెప్పినట్టే చేశాడు.

మెకానిక్ ఆయిల్ కడ్డీ బయటికి లాగి నా ముందు పెట్టాడు. పాలు ఎక్కువైన చాయ్ రంగు, పైన నురగ. ఆయిల్‌లో నీళ్లు కలిశాయన్నమాట. విప్పి చూస్తే హెడ్ (ఇంజన్ పైభాగం) వంగింది, బ్లాక్ (కింది దిమ్మ) పగిలింది. బాగు చేయిస్తే లక్ష దాటుతుంది, పదిహేను రోజులు పడుతుంది. అప్పటికి నా పుస్తకంలో తొమ్మిది బుకింగ్‌లున్నాయి.

వనస్థలిపురం ఆటోనగర్‌లో రెండ్రోజులు తిరిగి అదే మోడల్ సెకండ్ హ్యాండ్ ఇంజన్ ఒకటి 78 వేలకు పట్టా. బిల్లు, విప్పేసిన బండి ఆర్సీ కాపీ తీసుకుని, బ్లాక్ మీది నంబరు తుడిచి ఒక్కో అంకె సరిచూసుకున్నా. (కాగితాలు అడక్కపోతే పదివేలు తగ్గిస్తామన్నవాళ్లూ ఉన్నారు. రేపు అది దొంగబండిదని తేలితే నా పెళ్లి సామాను సంగతేమో గానీ, నేనే లోపల కూర్చోవాలి.) మెకానిక్ అప్పుడే అన్నాడు: "అన్నా, రేడియేటర్ గూడ చూపిద్దాం. పాత ఇంజన్ ఊకెనే పోలే." అది ఇంకో ఎనిమిది వేలు. "సీజన్ అయినంక చూద్దాంలే" అన్నా.

చైన్ పుల్లీతో పాత ఇంజన్ లేపి కొత్తది దించారు. గేర్‌బాక్స్ ఎలాగూ విప్పారు కాబట్టి క్లచ్ ప్లేటు కూడా మార్చారు. అందరం చుట్టూ నిలబడ్డాం. తాళం తిప్పితే గుర్... గుర్... అని మూలిగి ఆగిపోయింది. బ్యాటరీ అన్నారు, పక్క బండిది పెట్టి చూశారు, అదే మూలుగు. ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు అన్నారు, విప్పి చూశారు, బాగానే ఉంది. సాయంత్రమైంది. అప్పుడు షెడ్డులో పనిచేసే చిన్న కుర్రాడు బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజన్ మీదికి జంపర్ వైరు పెట్టి "ఇప్పుడు కొట్టన్నా" అన్నాడు. సెల్ఫ్ జోరుగా తిరిగింది!

విషయమేంటంటే, ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకే ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. సెల్ఫ్ మోటారు లాక్కునే వందల ఆంపియర్లు తిరిగి బ్యాటరీకి చేరే దారి అదే. ఆ పట్టీ మూలన పడేసిన పాత ఇంజన్‌కే వేలాడుతోంది. ఒక్క బోల్టు కోసం ఒక పూట, ఒక గృహప్రవేశం బుకింగ్ పోయాయి.

స్టార్ట్ అయ్యాక కూడా వణుకు, పొగ. ఈ కామన్ రైల్ డీజిల్ ఇంజన్లలో డీజిల్ చిమ్మే ఒక్కో ఇంజెక్టర్ మీద ఒక్కో కోడ్ ఉంటుంది. ఇంజన్‌తో పాటు ఇంజెక్టర్లూ మారాయి కదా, కంప్యూటర్ ఇంకా పాతవాటి లెక్కనే డీజిల్ కొలుస్తోంది. స్కానర్ పెట్టి కొత్త కోడ్‌లు ఎక్కించగానే వణుకు తగ్గింది. ఇది అరగంట పనే.

అసలు కథ మూడో రోజున. ఖాళీ బండి హయత్‌నగర్ దాకా వెళ్లొచ్చింది, ముల్లు సగం దాటలేదు. సామాను ఎక్కించి పీర్జాదిగూడ బయల్దేరామో లేదో మళ్లీ ఎర్రగీత వైపు పాకింది. ఈసారి వెంటనే ఆపించా. వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్ మార్చారు, గాలి పట్టిందేమోనని నీళ్లు వదిలి మళ్లీ నింపారు. తేడా లేదు. చివరికి మెకానిక్ నా చెయ్యి పట్టుకుని రేడియేటర్ దగ్గరికి తీసుకెళ్లాడు. పై భాగం ముట్టుకోలేనంత వేడి, కింద సగం చల్లగా ఉంది. నీళ్లు అక్కడిదాకా రావట్లేదు. పైట్యాంకు విప్పితే గొట్టాల మూతుల నిండా తెల్లటి గట్టి సున్నం, మనింట్లో నీళ్లు కాచే రాడ్డుకు పట్టేలాంటిదే.

ఎక్కడిదా సున్నం? మా గోడౌన్ బోరు నీళ్లది. రెండేళ్లుగా కూలెంట్ (ఇంజన్ చల్లబరిచే ద్రవం) దండగని బకెట్‌తో బోరు నీళ్లు పోయించింది నేనే. పాత ఇంజన్‌ను కాల్చింది అదే, కొత్తదాన్ని కాల్చబోయిందీ అదే. ఎనిమిది వేలకు రేడియేటర్ కోర్ మార్పించా, అసలైన కూలెంట్ పోయించా. ఇప్పుడు నిండు లోడుతోనూ ముల్లు సగం దగ్గరే ఉంటోంది.

ఇక మీ లెక్క. బోడుప్పల్ ఫంక్షన్‌కు మూడు గంటలు ఆలస్యమైంది, వాళ్ల దగ్గర కుర్చీల కిరాయి తీసుకోలేదు. గృహప్రవేశం వాళ్ల అడ్వాన్సు వాపసు ఇచ్చేశా. అద్దె బండి పెట్టి, దాని కిరాయి 1500 మీ బిల్లులో వేసిన ఇద్దరు కస్టమర్లున్నారు. అది నేను వేయాల్సింది కాదు. ఈ వారం మీ నంబర్లకే పంపుతా, అందకపోతే మొహమాటపడకుండా అడగండి. కిరాయిలు పెంచట్లేదు. కానీ 150 కుర్చీలు దాటితే ఇక రెండు ట్రిప్పులే, కాబట్టి సామాను ముందురోజు సాయంత్రమే దిగుతుంది, కాస్త చోటు చూపించండి. ఆర్సీలో ఇంజన్ నంబరు మార్పుకు కాగితాలు కూడా ఇచ్చేశా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లోపు తెలపాలి, నేను పన్నెండో రోజున వెళ్లా.

సికింద్రాబాద్ బోనాలకు, లాల్ దర్వాజా బోనాలకు రోజుకు రెండు బుకింగ్‌లే ఒప్పుకుంటున్నా, ముందే చెప్పండి.

ఇంకొకటి. మీ గేటు ముందు ఆపినప్పుడు డ్రైవర్ బండి కింద అట్టముక్క పరిస్తే ఏమనుకోకండి. ఇంజన్ వెనక సీలు దగ్గర ఆయిల్ చుక్క చుక్కగా కారుతోంది, దానికి మళ్లీ గేర్‌బాక్స్ దించాలి. బోనాలయ్యాక చేయిస్తా. అవును, మళ్లీ "అయ్యాక" అనే అంటున్నా. కాకపోతే ఈసారి ఆ మాటన్నది మెకానిక్.