'ఆపి మళ్లీ వేయండి' అంటే సరిపోతుందా?

సంపాదకుడికి,

ఇంట్లో వై-ఫై మాటిమాటికీ తెగిపోతోందని ఫోను చేస్తే ఇంటర్నెట్ సంస్థల దగ్గర ఉన్న మందు ఒక్కటే: "రౌటర్ ఆపి మళ్లీ వేయండి." రెండు నెలల్లో ఈ మాట నేను పదకొండు సార్లు విన్నాను. నా ఫిర్యాదు ఆ మాట మీదే.

లైను పూర్తిగా పోతే చిక్కు లేదు. మనిషి వస్తాడు, తీగ మార్చి వెళ్తాడు. వస్తూ పోతూ ఉండే లోపంతోనే తంటా అంతా. వైద్యుడి గడప తొక్కగానే మాయమయ్యే పంటినొప్పి అది. సిబ్బంది వచ్చిన రెండుసార్లూ అంతా భేషుగ్గా పనిచేసింది. "లైను బాగుందండీ" అని సంతకం పెట్టించుకుని వెళ్లారు. నిజమే, లైను బాగుంది. తెగుతున్నది రౌటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఉన్న వైర్‌లెస్ సంబంధం. ఈ రెంటినీ విడదీసి చూడమని చెప్పినవారు ఒక్కరూ లేరు.

విడదీయడం కష్టమేమీ కాదు. కంప్యూటర్ నుంచి ఒకే సమయంలో రౌటర్‌కూ, బయటి సర్వర్‌కూ పింగ్ (బదులు వస్తుందో లేదో చూసే చిన్న పలకరింపు సందేశం) పంపుతూ ఉండాలి. రౌటర్ బదులిస్తూ బయటిది ఆగిపోతే లోపం బయట ఉన్నట్టు. రౌటరే పలకకపోతే ఇంట్లో ఉన్నట్టు. మూడు సాయంత్రాలు వేళలతో సహా రాసుకున్నాను. ప్రతిసారీ పలకనిది రౌటరే. అదే సమయంలో దానికి కేబుల్‌తో కలిపిన పాత కంప్యూటర్ నిశ్చింతగా పనిచేసింది.

కారణం వెతికితే గాలిలోనే దొరికింది. వై-ఫై నడిచే రేడియో తరంగాల శ్రేణుల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో పేరుకు డజను దాకా ఛానళ్లు, అంటే దారులు, ఉన్నా, ఒకదానిపై ఒకటి పడకుండా సర్దుకునేవి 1, 6, 11 మాత్రమే. నా రౌటర్ తనంతట తాను 4ను ఎంచుకుని, 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో సరిపెట్టుకోకుండా 40 మెగాహెర్ట్జ్ మేర పరుచుకుని కూర్చుంది. ఇరుగుపొరుగు రౌటర్లదీ అదే తీరు. దాన్ని 11కు మార్చి, వెడల్పు తగ్గించాక సగం బాధ తీరింది. రౌటర్ చూడటానికి బాగాలేదని ఇనుప బీరువా వెనక దాచింది నేనే. అది బయటికి తీశాక ఇంకొంత.

తర్వాత వై-ఫై వాడే మరో శ్రేణి 5 గిగాహెర్ట్జ్‌కు మారితే మరో వింత. రోజుకు ఒకటి రెండు సార్లు నెట్‌వర్క్ పేరే మాయమై, నిమిషం పైచిలుకు తర్వాత తిరిగి కనిపించేది. రౌటర్‌లోని లాగ్ (జరిగినవన్నీ అది రాసుకునే చిట్టా) తెరిచి చూస్తే 'రాడార్' అని ఉంది! 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్లను వాతావరణ రాడార్ల వంటి వాటితో పంచుకోవాలి. రాడార్ అలికిడి తగిలితే రౌటర్ ఆ ఛానల్ వదిలేయాలి. అలాంటి మరో ఛానల్‌లో దిగేముందు కనీసం నిమిషం పాటు చెవి ఒగ్గి వినాలి. నిబంధన సబబైనదే. ఛానల్ 36కు మార్చాను. మాయమవడం ఆగింది.

ఇక ఆ పాత సలహా సంగతి. ఆపి మళ్లీ వేసినప్పుడు రౌటర్ కొత్తగా ఛానల్ వెతుక్కుంటుంది కాబట్టి కొన్ని గంటలు కుదుటపడుతుంది, మందు పనిచేసిందని మనమూ నమ్ముతాం. కానీ చాలా రౌటర్లలో ఆపగానే లాగ్ చెరిగిపోతుంది. అంటే పదకొండు సార్లూ సాక్ష్యాన్ని నా చేత్తోనే చెరిపించారు.

రెండోసారి వచ్చినాయన వై-ఫై సిగ్నల్‌ను అందుకుని ఇంకాస్త దూరం పంపే ఎక్స్‌టెండర్ కొనమన్నారు. ఒకే రేడియోతో నడిచే ఎక్స్‌టెండర్ అందుకున్న ప్రతి ముక్కనూ మళ్లీ ప్రసారం చేస్తుంది. అసలే కిక్కిరిసిన ఛానల్‌లో రద్దీ రెట్టింపు. ఈ తరంగాలు లైసెన్సు లేకుండా అందరం కలిసి వాడుకునేవి. నా ఇంటికి ఇచ్చిన తప్పుడు సలహా పక్కింటికీ తగులుతుంది.

ఫోను ఎత్తగానే "కేబుల్‌తో కలిపితే వస్తోందా?" అని అడగడానికి ఖర్చేమీ కాదు. రౌటర్ బిగించడానికి వచ్చినవారు తీగ ముగిసిన మూలనే దాన్ని వదిలేయకుండా, ఫోను పట్టుకుని గదిగదికీ తిరిగి సిగ్నల్ చూడాలి. బిల్లు మీద వేగాన్ని పెద్ద అక్షరాల్లో వేస్తారు కదా, ఆ నెలలో లైను ఎన్నిసార్లు తెగిందో పక్కనే వేయాలి. సున్నా అని ఉంటే ఆ సంస్థలకు ఫోను చేయం, లోపం మా ఇంట్లోనే వెతుక్కుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు