మా అమ్మాయి చేతి గురించి మాట్లాడటానికి మీ కంపెనీలో ఒక్క డాక్టరు కూడా లేరా?

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మీ విశాఖపట్నం బ్రాంచిలో కాలిన మచ్చకి మొదలుపెట్టి సగంలో ఆపేసిన లేజర్ చికిత్స, జవాబు ఇవ్వకుండానే నా ఫిర్యాదు మూసేయడం గురించి.

అయ్యా,

నిన్న సాయంత్రం మీ కంపెనీ నుంచి నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "మీ ఫిర్యాదు పరిష్కరించాము. మా సేవలకు రేటింగ్ ఇవ్వండి" అని. ఏం పరిష్కరించారు? ఎవరు పరిష్కరించారు? మా అమ్మాయి చేతిని ఎవరు చూశారు? నాకు ఫోన్ చేసి ఒక్క ముక్క మాట్లాడింది ఎవరు? ఇదివరకు కూడా ఇలాగే మూసేశారు. నేను మళ్లీ ఫోన్ చేస్తే కొత్త నంబరుతో ఇంకో ఫిర్యాదు తెరుస్తారు, కొన్నాళ్లకి అదీ మూసేస్తారు. కింద ఉన్నవాళ్లందరితోనూ మాట్లాడటం అయిపోయింది కాబట్టి ఇక మీకే రాస్తున్నాను. దయచేసి దీన్ని మళ్లీ ఆ కస్టమర్ కేర్‌కే పంపకండి.

సంగతి మొదట్నుంచీ చెప్తాను. మీ రికార్డుల్లో కనిపించడం లేదని మీవాళ్లే అంటున్నారు కదా.

సంక్రాంతి ముందు అరిసెలు వండుతుంటే కాగే నూనె మా అమ్మాయి కుడిచేతి మీద పడింది. మోచేతి పైనుంచి మణికట్టు దాకా కాలింది. పుండు మానింది కానీ మచ్చ తాడులా లేచింది. ఎర్రగా, గట్టిగా ఉండి రాత్రుళ్లు దురదతో నిద్ర పట్టనిచ్చేది కాదు. మోచేయి పూర్తిగా చాచలేకపోయేది. సిలికాన్ జెల్ రాశాం, బిగుతుగా ఉండే ప్రెషర్ గార్మెంట్ రోజంతా వేయించాం. రాజమహేంద్రవరంలో చూసిన ప్లాస్టిక్ సర్జన్ గారు ఇక లేజర్ చేయిస్తే మంచిదని చెప్పారు. మీ దగ్గరికి రావడానికి నాకు ఆలోచన అక్కర్లేకపోయింది. అంతకు ముందే మా తోటికోడలి కూతురు మొటిమల గుంటలకి మీ దగ్గరే చేయించుకుంది. మా స్కూల్లో ఇద్దరు టీచర్లు నా మాట మీదే మీ బ్రాంచికి వచ్చారు. మీ రిసెప్షన్‌లో నన్ను పేరు పెట్టి పలకరించేవాళ్లు, డబ్బు కట్టిన రోజు వరకూ.

ఒకటి న్యాయంగా చెప్పాలి. అప్పుడు మీ దగ్గర ఉన్న డాక్టరు గారు చాలా మంచివారు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తానని తెలిసి, కాగితం మీద బొమ్మ గీసి మరీ వివరించారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. ఆ కాంతిని చర్మంలోని నీరు పీల్చుకుంటుంది. మచ్చ మొత్తాన్ని కాల్చరు, కంటికి ఆననంత సన్నటి రంధ్రాలు వరసగా వేసి మధ్యలో చర్మాన్ని అలాగే వదిలేస్తారు. గట్టిపడిన మడిలో అక్కడక్కడా గునపంతో పొడిచి నీళ్లు ఇంకేలా చేసినట్టన్నమాట. చుట్టూ ఉన్న మంచి చర్మం ఆ రంధ్రాలని త్వరగా మాన్పుతుంది, ఆ మానడంలోనే పాత కొలాజెన్ (చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్) కరిగి కొత్తది సరైన అమరికలో వస్తుంది. ఇలా ముక్కలు ముక్కలుగా చేసే పద్ధతి గురించి బోస్టన్‌లోని వెల్‌మన్ లేబొరేటరీ వాళ్లు 2004లో రాశారని కూడా ఆయనే చెప్పారు. రంధ్రాలు తాజాగా ఉన్నప్పుడే వాటి మీద ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ మందు చుక్కలు వేస్తే మందు లోపలికి దిగుతుందని అలాగే చేశారు.

ఫలితం కూడా కనిపించింది. దురద బాగా తగ్గింది. మోచేయి ముందుకన్నా చాచగలిగింది. మీ మెషిన్ మీద నాకు ఫిర్యాదు లేదు.

మన రంగు చర్మానికి లేజర్ తర్వాత నల్లబడే అవకాశం ఎక్కువని, ఎండ తగలనివ్వకూడదని, సన్‌స్క్రీన్ మానకూడదని ఆయన ముందే హెచ్చరించారు. నలుపు కనిపిస్తే వెంటనే చూపించమన్నారు, పవర్ తగ్గించి సిట్టింగులకి మధ్య వ్యవధి పెంచుతానన్నారు. చివరి సిట్టింగ్ అయ్యాక ఆయన చెప్పినట్టే మచ్చ చుట్టూ చిన్న చిన్న గళ్లుగా నలుపు వచ్చింది. మేం భయపడలేదు, చూపిద్దామనుకున్నాం. అక్కడ మొదలైంది మీవాళ్ల నిర్వాకం.

చేతి ఫొటోలు తీసి మీరిచ్చిన వాట్సాప్ నంబరుకి పంపాను. "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు, మా నిపుణులు త్వరలో మాట్లాడతారు" అని అదే క్షణంలో జవాబు వచ్చింది. బ్లూ టిక్కులు కూడా పడ్డాయి. నిపుణులు ఎవరూ మాట్లాడలేదు. మళ్లీ పంపితే మళ్లీ అదే ధన్యవాదాలు. దీపావళికి మాత్రం అదే నంబరు నుంచి ఫేషియల్ మీద తగ్గింపు ఆఫరు వచ్చింది.

తర్వాతి సిట్టింగ్‌కి అపాయింట్‌మెంట్ ఇచ్చారు. నేను స్కూలుకి సెలవు పెట్టి, అమ్మాయి చేత కాలేజీ మాన్పించి, రత్నాచల్ ఎక్కి వచ్చాం. ఆ ఎండలో ఫుల్ హ్యాండ్స్ వేసుకుని, పైన దుపట్టా చుట్టుకుని వచ్చిందా పిల్ల. రిసెప్షన్‌లో కూర్చోబెట్టి మధ్యాహ్నం దాటాక చెప్పారు, మెషిన్ సర్వీసింగ్‌కి వెళ్లిందని. ఆ మాట ముందురోజు ఫోన్‌లో చెప్పడానికి ఏమైంది? "మెసేజ్ వచ్చి ఉండాలి మేడమ్" అన్నారు. రాలేదు, చూడమని నా ఫోన్ చేతికిస్తే చూడలేదు. ఇంకోసారి వచ్చినప్పుడు మెషిన్ హైదరాబాద్ బ్రాంచికి పంపేశామన్నారు. ఆ తర్వాత డాక్టరు గారే మానేశారన్నారు. ఎప్పుడు మానేశారో ఎవరికీ తెలియదట. ఆయన పేషెంట్లని ఎవరు చూస్తారో అదీ తెలియదట.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మ గారు చెయ్యి చూశారు. ఆవిడని నేను తప్పు పట్టను. "ఇంతకు ముందు ఎన్ని మిల్లీజౌల్స్ శక్తి ఇచ్చారో, రంధ్రాలు ఎంత డెన్సిటీలో, అంటే ఎంత దగ్గరదగ్గరగా వేశారో తెలియకుండా, పైగా నలుపు ఉండగా నేను లేజర్ పెట్టలేనమ్మా" అని నిజం చెప్పారు. ఆ వివరాలు కావాలని ఆవిడే నా ముందే బ్రాంచి మేనేజర్‌ని అడిగారు. సిస్టమ్‌లో కనిపించట్లేదన్నారు ఆయన. మా అమ్మాయి ఒంటి మీద ఏం చేశారో మీ దగ్గర కాగితం లేదు. నేను సంతకం పెట్టిన ఒప్పంద పత్రాలు, ఈఎంఐ కాగితాలు మాత్రం ఒక్కటీ పోలేదు.

ఇక మీ కస్టమర్ కేర్. తెలుగు కోసం రెండు నొక్కమంటారు. నొక్కితే హిందీలో మాట్లాడతారు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పుకురావాలి, ఎందుకంటే ముందు మాట్లాడినవాళ్లు ఏమీ రాసిపెట్టరు. కాలిన మచ్చ అని ఎంత విడమరిచి చెప్పినా ఒకమ్మాయి "హెయిర్ రిమూవల్ ప్యాకేజీ కదా మేడమ్?" అని అడిగింది. ఇంకొకరు సగం విని హోల్డ్‌లో పెట్టారు, సంగీతం వింటూ కూర్చున్నాను, లైను కట్ అయింది. టీమ్ లీడర్‌నని చెప్పుకున్న ఆయనైతే "లేజర్ అన్నాక కొంచెం నలుపు కామన్ మేడమ్, మీరు టెన్షన్ పడకండి" అన్నారు. ఆయన డాక్టరా? చెయ్యి చూశారా? ఫొటోలైనా తెరిచారా?

నన్ను అన్నిటికన్నా మండించిన మాట ఇంకొకటి ఉంది. సిట్టింగులు కుదరకపోతే ఇంట్లో పెట్టుకునే ఎర్ర లైటు పరికరం తగ్గింపు ధరకి ఇస్తామని, "అదీ లేజరే, ఇదీ లేజరే మేడమ్" అని మీ మనిషి అన్నారు. పిల్లలకి కాంతి పాఠం చెప్పుకునేదాన్ని, నాతో అంటారా ఆ మాట! తక్కువ శక్తి ఎరుపు కాంతి వేరే సంగతి. 1960ల్లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే డాక్టరు గొరిగిన ఎలుకల మీద రూబీ లేజర్ పెడితే వెంట్రుకలు త్వరగా పెరిగాయని గమనించినప్పటి నుంచి దాని మీద పరిశోధన జరుగుతోంది. అది కణాల పనిని ప్రేరేపించడానికి వాడేది, చర్మంలో రంధ్రం వేయదు. తాడులా లేచిన కాలిన మచ్చకి డాక్టరు మొదలుపెట్టిన చికిత్స స్థానంలో దాన్ని ఎలా పెడతారు? ఏ డాక్టరు చెప్పమన్నారు మీ మనిషికి? ఒక ఆడపిల్ల చెయ్యి సరిగ్గా చాచలేకపోతుంటే ఇంకో వస్తువు అమ్మాలని చూశారు.

ఇంత జరుగుతున్నా మీ ప్యాకేజీ కోసం తీసుకున్న లోను ఈఎంఐ ఒక్క నెలా ఆగలేదు. రీఫండ్ అడిగితే, సిట్టింగ్ మొదలుపెట్టాక రీఫండ్ ఉండదు, పాలసీ అన్నారు. చికిత్స ఆపింది మీరైతే పాలసీ నాకు వర్తిస్తుందా? "హైదరాబాద్ రండి, అక్కడ చేస్తాం" అన్నారు. సరే, ఆ బ్రాంచి డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడించండి అంటే అలాంటి సదుపాయం లేదన్నారు. కాలిన మచ్చ స్థిరపడటానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ కాలంలోనే దాన్ని దారిలో పెట్టాలని మీ డాక్టరే చెప్పారు. ఆ కాలాన్ని మీరు నా చేత హోల్డ్ సంగీతం వినిపిస్తూ గడిపించారు.

అయ్యా, నేను గొడవ కోసం రాయడం లేదు. మొదటిరోజే ఎవరైనా డాక్టరు ఫోన్ చేసి "అమ్మా, ఫొటో చూశాను, ఈ క్రీము రాయండి, ఫలానా రోజు రండి" అని ఉంటే ఈ లేఖే ఉండేది కాదు. మెషిన్ పాడవుతుంది, డాక్టర్లు మారతారు, నాకు తెలుసు. మనిషి మనిషితో మాట్లాడకపోవడం నాకు అర్థం కాదు. మా అమ్మాయి "వదిలేయమ్మా, నేను ఇలాగే ఉంటాను" అంటోంది. పంతొమ్మిదేళ్ల పిల్ల చేత ఆ మాట అనిపించారు మీరు. దాన్ని నేను వదిలేయను.

ప్రతి సిట్టింగ్ తేదీ, ఏ మెషిన్ వాడారు, ఎంత శక్తి, ఎంత డెన్సిటీ, ఏ మందు ఎంత వేశారు, తీసిన ఫొటోలు, ఇవన్నీ డాక్టరు సంతకంతో నాకు కావాలి. వాటితో నేను ఇంకో చోట చూపించుకుంటాను. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని డాక్టర్లకి 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది, ఈ లేఖ అందడంతోనే ఆ గడువు మొదలైనట్టు లెక్క. చేయని సిట్టింగుల డబ్బు వెనక్కి ఇచ్చి, ఆ మేరకు లోను మీరే మూయించాలి. మీ చీఫ్ డాక్టరు ఎవరైతే ఉన్నారో ఆయన నాతో కాదు, మా అమ్మాయితో మాట్లాడాలి.

ఇది కూడా పక్కన పడేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఊరుకోను. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, విశాఖ రావాల్సిన పని కూడా లేదు. మీరు మూసేసిన ప్రతి ఫిర్యాదు నంబరూ, జవాబు లేని ప్రతి వాట్సాప్ మెసేజూ, కట్టిన ప్రతి ఈఎంఐ రసీదూ ఫైలు చేసి పెట్టుకున్నాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీ టీమ్ లీడర్ గారు వచ్చి "నలుపు కామన్" అని జడ్జి గారికి చెప్పుకోవచ్చు. ఇదే లేఖ కాపీ జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి కూడా పంపుతున్నాను.

నా నంబరు మీ దగ్గర ఉంది, ఆఫర్లు పంపేది దానికే. సాయంత్రం అయిదు తర్వాత స్కూలు నుంచి వచ్చేస్తాను, ఎప్పుడు చేసినా ఎత్తుతాను.

ఇట్లు,
మీ విశాఖపట్నం బ్రాంచి పేషెంటు తల్లి,
రాజమహేంద్రవరం