చిట్టెలుక చావలేదంటే మనం తాగేయొచ్చనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఫలానా మొక్క కాయల సారం ఎలుకలకి పోశారు, ఒక్కటీ చావలేదు, కాబట్టి మనుషులు కూడా నిక్షేపంగా వాడుకోవచ్చు అన్నట్టు పేపర్లలో అప్పుడప్పుడు చిన్న వార్త వస్తుంటుంది కదా, దాని గురించే ఈ ఉత్తరం. చదువుకునే రోజుల్లో నేను అలాంటి ల్యాబ్‌లో పనిచేశానండీ, అందుకే ఆ హెడ్డింగ్ కనబడితే ఒళ్లు మండుతుంది. ల్యాబ్ వాళ్లు రాసేది ఒకటి, మన దాకా వచ్చేసరికి అది ఇంకోటి అవుతుంది.

ముందు అసలు ఆ "సారం" అంటే ఏంటి? కాయల్ని ఎండబెట్టి, పొడి కొట్టి, ఆల్కహాల్‌లోనో నీళ్లలోనో నానబెట్టి, వడగట్టి ఆవిరి చేస్తే అడుగున తారులాగా జిగట ముద్ద మిగులుతుంది, ఎలుకకి పోసేది అది. ఆల్కహాల్‌లోకి దిగినవన్నీ నీళ్లలోకి దిగవు. పచ్చిదా పండిందా అన్నది కూడా చూడాలి, అకీ అనే పండు ఉంది, పచ్చిగా ఉన్నప్పుడు హైపోగ్లైసిన్ అనే విషం దండిగా ఉంటుంది, పండి దానంతటదే విచ్చుకున్నాక బాగా తగ్గిపోతుంది. వార్తలో ఇవేవీ ఉండవు.

ఇంక ఎలుక సంగతి. ఇరవై గ్రాముల చిట్టెలుకని మెడ వెనక చర్మం దగ్గర వేళ్లతో పట్టుకుని, మొన గుండ్రంగా ఉండే సూది నోట్లోంచి కడుపులోకి దించి 0.2 మిల్లీలీటర్లు పోస్తాం, ఆ తర్వాత 14 రోజులు చూస్తాం. నేను పోసినవాటిలో ఒకటి ఆ సాయంత్రానికే మూలకి చేరింది, వీపు వంచుకుని, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, తిండి ముట్టకుండా రెండు రోజులు అలాగే కూర్చుని మూడో రోజుకి కోలుకుంది. రిజిస్టర్‌లో చావులు సున్నా. నిజమే, చావలేదు! కానీ దానికి ఏమీ కాలేదని ఎవరైనా రాస్తే నేనైతే ఒప్పుకోను. ఇంకో విషయం, ఎలుకలు వాంతి చేసుకోలేవు. జట్రోఫా (అడవి ఆముదం) గింజలు తిన్న పిల్లలకి ముందు పట్టుకునేది వాంతులే, ఎలుకలో ఆ లక్షణం కనపడమన్నా కనపడదు. పైగా ల్యాబ్ ఎలుకలన్నీ ఆరోగ్యంగా ఉన్నవే. స్టార్ ఫ్రూట్ మితంగా తింటే మామూలు మనిషికి సాధారణంగా ఏం చెయ్యదు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం ఆగని ఎక్కిళ్లు, తికమక, ఒక్కోసారి ఫిట్స్ దాకా తెస్తుంది.

సగం ఎలుకలు చచ్చే డోసుని ఎల్‌డీ50 అంటారు, 1927లో ట్రెవాన్ అనే ఆయన పెట్టిన లెక్క అది. దానికోసం గుంపులు గుంపులుగా జంతువుల్ని చంపే పాత పద్ధతిని, ఇలాంటి పరీక్షలకి నియమాలు రాసే ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2002లో తీసేసింది, మంచి పని చేసింది. ఇప్పుడు వాళ్ల 423 నంబరు పద్ధతిలో ఒక్కో మెట్టుకి మూడు జంతువులే, కిలో బరువుకి 2000 మిల్లీగ్రాముల దగ్గర మామూలుగా ఆపేస్తారు. మన జనం ఆ 2000ని తమ బరువుతో గుణించేస్తున్నారు, అరవై కిలోల మనిషికి 120 గ్రాములు వస్తుంది. అలా కాదండీ, చిట్టెలుక డోసుని మనిషికి మార్చేటప్పుడు 12.3తో భాగించాలి, అంటే పది గ్రాముల లోపే. అది కూడా ఏ హానీ కనపడని డోసుకి వేసే లెక్క, దాన్ని మళ్లీ కనీసం పదో వంతుకి తగ్గించి గానీ మనిషి మీద ట్రయల్ మొదలుపెట్టరు.

అందుకని మీ రిపోర్టర్లకి ఒక మాట చెప్పండి. పచ్చికాయా పండా, దేంట్లో తీసిన సారం, ఎంత డోసు, ఒక్కసారి పోశారా లేక 28 రోజులో 90 రోజులో రోజూ పోశారా, ఈ నాలుగూ వేస్తే చాలు, రెండు లైన్లు పట్టదు. ఇంకో లైనుకి చోటుంటే, చివర్లో ఆ ఎలుకల్ని కోసి చూసినప్పుడు కాలేయం, కిడ్నీలు ఎలా ఉన్నాయో కూడా వేయించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు