మంత్రి గారూ, బడిపిల్లలకు వంద మిల్లీవాట్లు ఇవ్వండి

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి నమస్కారం.

మీరు తెలుగువారు కాబట్టి ఈ విన్నపం తెలుగులోనే రాస్తున్నాను. నేను కడపలో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైన ఉపాధ్యాయుణ్ని. ట్రాన్సిస్టర్లు రాకముందు గాజు వాల్వులతో నడిచిన పాత రేడియోలు బాగుచేసి, చుట్టుపక్కల ప్రభుత్వ బడులకు తీసుకెళ్లి పిల్లలకు చూపిస్తుంటాను. నేను అడిగేది ఒక్కటే. వంద మిల్లీవాట్లు, అంటే వాట్‌లో పదో వంతు శక్తి మించకుండా, బడి ఆవరణ దాటని చిన్న ఏఎం ట్రాన్స్‌మిటర్‌ను (మాటను రేడియో తరంగంగా పంపే పరికరాన్ని) పిల్లలు లైసెన్సు అవసరం లేకుండా కట్టుకునేలా స్పష్టమైన నిబంధన తీసుకురండి.

బడిలో నేను చేసి చూపించేది ఇది. బ్యాటరీతో నడిచే వాల్వు సెట్టులో ఆకాశవాణి కడప, 900 కిలోహెర్ట్జ్ పెడతాను. దాని పక్కనే మామూలు ట్రాన్సిస్టర్‌ను 1355 దగ్గరికి తిప్పుతాను. అక్కడ గరగర తప్ప ఏమీ వినపడదు. వాల్వు సెట్టు ఆన్ చేయగానే ఆ గరగర ఠక్కున అణిగిపోతుంది. ఆఫ్ చేస్తే మళ్లీ మొదలు. సెట్టులోని 1ఆర్5 అనే వాల్వు, మనం పెట్టిన స్టేషన్ కన్నా 455 కిలోహెర్ట్జ్ పైన, అంటే 1355 దగ్గర, సొంతంగా ఒక తరంగాన్ని పుట్టిస్తుంది. అందులో రవ్వంత బయటికి వస్తుంది. ఇది చూశాక ఏ బడిలోనైనా పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: "అయితే మన మాట కూడా పోతాదా సార్?"

పోతుంది. అదే వాల్వులో మూడో గ్రిడ్‌కు (లోపలి తీగ జాలీల్లో మూడోదానికి) మైకు నుంచి వచ్చే శబ్దాన్ని పెంచి అందిస్తే, మాటను బట్టి తరంగం బలం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఏఎం అంటే అంతే. కానీ నేను అక్కడే ఆపేయాల్సి వస్తోంది. 1933 నాటి వైర్‌లెస్ చట్టం కాలం నుంచీ లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకోవడాన్నే చట్టం ఒప్పుకోదు.

చిప్‌తో చేసుకోవచ్చు కదా అని మీ అధికారులు అనవచ్చు. చిప్‌లో కంటికి కనిపించేది ఏముంది? 1ఆర్5 బొటనవేలంత గాజు వాల్వు, కింద ఏడు పిన్నులు. లోపలి సన్నటి తీగకు, అంటే ఫిలమెంటుకు, 1.4 వోల్టులు చాలు, ఒక్క టార్చి సెల్లుతో వెలుగుతుంది. గది చీకటి చేసి, చేతులు అడ్డం పెట్టి చూస్తే కనీకనిపించని ఎర్రటి గీత. తొమ్మిది వోల్టుల బ్యాటరీలు పది వరసగా కలిపితే ప్లేటుకు (వాల్వు లోపలి లోహపు రేకుకు) 90 వోల్టులు. ఒక మిల్లీఆంపియర్ పారితే 90 మిల్లీవాట్లు. పీవీసీ పైపు ముక్క మీద చుట్టిన కాయిల్, పాత రేడియోలోంచి తీసిన గ్యాంగ్ కండెన్సర్ (స్టేషన్ మార్చేటప్పుడు తిరిగే భాగం) ఉంటే మిగతాది పిల్లలే చేసుకుంటారు. గోడ ప్లగ్గుతో పని లేదు. 90 వోల్టులు తగిలితే చురుక్కుమంటుంది కాబట్టి మాస్టారు మాత్రం పక్కన ఉండాల్సిందే.

దీనివల్ల ఎవరికైనా ఇబ్బందా? ఆకాశవాణి కడప శక్తి 100 కిలోవాట్లు. వంద మిల్లీవాట్లు అందులో పది లక్షలో వంతు. పైగా 900 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 333 మీటర్లు. మూడు మీటర్ల ఏరియల్‌తో దాన్ని గాలిలోకి పంపబోతే ఆ కాస్త శక్తిలో చాలా భాగం కాయిల్‌లోనూ ఎర్త్‌లోనూ వేడిగా పోతుంది. అమెరికాలో సరిగ్గా ఈ కొలతలతోనే అనుమతిస్తున్నారు: 510 నుంచి 1705 కిలోహెర్ట్జ్, చివరి దశకు ఇచ్చే శక్తి 100 మిల్లీవాట్లు, ఏరియల్, దానికి వెళ్లే తీగ, ఎర్త్ తీగ అన్నీ కలిపి మూడు మీటర్లు.

మన దగ్గర హామ్ లైసెన్సు (సరదాకు రేడియోలో మాట్లాడుకునేవారికి ఇచ్చేది) ఉంది, కానీ అందులో మామూలు ఏఎం స్టేషన్లు పలికే మీడియం వేవ్ లేదు, పాటలూ కార్యక్రమాలూ వేయకూడదు. కమ్యూనిటీ రేడియో ఉంది, అది ఎఫ్ఎం, సంస్థలు నడిపేది. తొమ్మిదో తరగతి పిల్లకు ఈ రెండింటిలో ఏదీ పనికిరాదు. ఒక కార్యాలయంలో అడిగితే పెద్ద స్టేషన్‌కు పెట్టే దరఖాస్తే పెట్టమన్నారు. ఆరొందల మంది చదివే బడి నుంచి అలాంటి దరఖాస్తు ఎవరు పెడతారు, ఎవరు వెంటపడతారు?

2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రజాప్రయోజనం కోసం మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రానికే ఇచ్చింది. 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ మధ్య, ఏ స్టేషనూ వినపడని చోట, బడి ప్రహరీ లోపల, ఉపాధ్యాయుడి బాధ్యత మీద అనుమతించండి. ఫిర్యాదు వస్తే ఆ క్షణమే ఆపాలని షరతు పెట్టండి. అది న్యాయమే.

కాగితం మీద నమ్మకం కుదరకపోతే, కడపలో ఒక బడికి ప్రయోగాత్మకంగా అనుమతి ఇచ్చి మీ శాఖ ఇంజనీర్లను పంపండి. వాళ్ల మీటర్లతోనే ప్రహరీ బయట కొలవమనండి. సర్క్యూట్ బొమ్మ, విడిభాగాల జాబితా ఈ లేఖ ప్రతితో పాటు మీ కార్యాలయానికి పంపుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు,
కడప